క్యారియర్ లేని సైకిల్

"కత్ జారోచి?" అని బాపు అడిగేటప్పటికి ఇంకా తెల్లవారలేదు. ఎక్కడికి పోతున్నావని. కాలువ మీదికి అన్నాను. నీళ్లు మలపడానికి కాదని ఆయనకూ తెలుసు, మా చేనుకు ఆ కాలువ నీళ్లు ఎక్కవు. చేపలకా అన్నాడు. కాదు, ఊరికే పోయి వస్తానన్నాను. బాపు లేచి వచ్చి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"క్యారియర్ ఏది?"

లేదు.

"స్టాండు?"

అదీ లేదు. మడ్‌గార్డు కూడా లేదు. గుబ్బల టైర్లు, ముందు రెండు స్ప్రింగులు, ఇరవై ఒక్క గేర్లు మాత్రం ఉన్నాయి. ధర నేను చెప్పలేదు. తమ్ముడు చెప్పేశాడు. ఒకరు వాడి అమ్మిందే, అయినా పద్దెనిమిది వేలు. బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయన కోపం డబ్బు గురించి మాత్రమే కాదని తర్వాత అర్థమైంది. మాది మోసే జాతి. రైళ్లూ రోడ్లూ రాకముందు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగినవాళ్లం. మొగలుల సైన్యాలకూ నిజాం సైన్యాలకూ తిండిగింజలు మోసింది మా లదేణి ఎద్దులే. ఇల్లు, పిల్లలు, సరుకు అన్నీ ఎద్దు వీపు మీదే. బరువు పెట్టడానికి చోటే లేని బండి ఒకటి ఉంటుందని, దాన్ని కావాలని కొనుక్కుంటారని బాపుకు ఎవరు నమ్మకం కలిగించాలి?

నేను నారాయణపేటలో టీచరును. తండా మక్తల్, ఊట్కూరు మండలాల నడుమ ఉంది. శనివారం సాయంత్రం తండాకు వస్తాను, ఆదివారం పొద్దున్నే కాలువ గట్టెక్కుతాను. దీన్ని మౌంటెన్ బైక్ అంటారు కానీ మా దగ్గర పర్వతాలు ఎక్కడివి? గుట్టలు, బోడులు, నల్లరేగడి చేలు, వాగులు. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ అనే చోట, కొందరు పిల్లగాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లు కొండ మీదికి తోసుకుపోయి దొర్లినట్టు దిగేవారట. ఒక్కసారి దిగేసరికి బ్రేకులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. మళ్లీ గ్రీజు దట్టించాల్సి వచ్చేది కాబట్టి ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పడింది. అక్కడ మొదలైన ఆట 1996లో ఒలింపిక్స్‌కు చేరింది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటే, అది పాత సామానుతో మొదలైందని.

మా కాలువ రాజీవ్ భీమా ఎత్తిపోతలది. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది మా జిల్లాలోనే, తంగడిగి దగ్గర. కానీ నది పల్లంలో, మేము మెరకలో. జూరాల వెనక నీటిని పంచదేవపహాడ్ దగ్గర మోటార్లతో ఎత్తి సంగంబండ, భూత్పూర్ రిజర్వాయర్లలో పోస్తారు. అక్కడి నుంచి కాలువలు.

గట్టు మీద తొక్కిన మొదటి రోజే ఒకటి గమనించాను. గేరు మార్చే పని లేదు. తారురోడ్డు మీద జక్లేర్ వైపు పోతే ఎక్కుడు దిగుడు తప్పదు, ఆయాసం వస్తుంది. గట్టు మీద పది కిలోమీటర్లు తొక్కినా కాలికి బరువు తెలియదు. కారణం వెతికితే తేలిగ్గానే దొరికింది. పెద్ద కాలువలను కిలోమీటరుకు ఇంచుమించు ఒక జానెడు వాలుతో తవ్వుతారు. వాలు ఎక్కువైతే నీళ్లు గట్టును కోస్తాయి, తక్కువైతే మేట వేస్తాయి. అందుకే కాలువ గుట్టను ఎక్కదు, చుట్టి పోతుంది. వాగు వస్తే మీద నుంచో కింద నుంచో దాటుతుంది. ఒకే మట్టం పట్టుకుని వంకరలు తిరుగుతూ పోతుంది. దాని పక్కన తొక్కేవాడికి అంత సుఖం అందుకే.

ఆ మట్టం గీతకు కింది వైపు వరి, పై వైపు కంది, పత్తి, ఆముదం, బీడు. పొద్దున్నే నా ఎడమ భుజానికి చల్లగాలి తగులుతుంది, కుడి భుజానికి తగలదు. మా తండా పైవైపే. తండాలన్నీ దాదాపు అంతే. చెరువు కింది భూములు ఊళ్లకు దక్కాక, మిగిలిన గుట్ట వాలుల్లో మావాళ్లు దిగారు. నీళ్లు పల్లానికే పోతాయి, ఇందులో ఎవరి కుట్రా లేదు. కానీ పల్లం ఎవరికి దక్కిందన్నది నీళ్లు తేల్చిన లెక్క కాదు.

ముళ్ల గురించి చెప్పాలి. ఇంగ్లీషు తుమ్మ ముల్లు టైరులో దిగి విరుగుతుంది, పైకి కనబడదు. పల్లేరు కాయ ఇంకా పెద్ద దొంగ, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మొదటి నెలలో ఏడు పంక్చర్లు. ఇప్పుడు జేబులో సొల్యూషన్ ట్యూబు, ప్యాచీలు, చిన్న పంపు లేకుండా బయలుదేరను. బురదలో, ఇసుకలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది. జింకలు కనిపిస్తే మాత్రం ఆగిపోతాను. కృష్ణ జింకలు మంద మంద ఉంటాయి మా వైపు. నాకు అందం, రైతుకు నష్టం. మొలకెత్తిన చేను ఒక్క రాత్రిలో నున్నగా అవుతుంది. మా చిన్నాన్న కొడుకు విత్తనాల కాలమంతా మంచె మీదే పడుకుంటాడు. జింకల ఫోటో వాడికి చూపించే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు.

ఒకరోజు తూము దగ్గర కూర్చుని నీళ్లు తాగుతుంటే ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఎవరు నువ్వు, ఏ ఊరు, ఏం పని? కాలువ వెంట మోటార్లు, రాగి తీగలు పోతున్నాయట. పని లేదు, ఊరికే తిరుగుతున్నానన్నాను. తండా పేరు చెప్పేసరికి వాళ్ల ముఖాలు మారాయి. బ్యాగు విప్పమన్నారు. పంపు, ప్యాచీలు, రెండు జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు. టీచరునని గుర్తింపు కార్డు చూపాక "అట్లా ముందే చెప్పొద్దా సార్" అన్నారు. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1952లో తీసేశారని నేను క్లాసులో పిల్లలకు చెబుతాను. ఊరికే తిరగడం కూడా అందరికీ ఒకే ధరకు దొరకదని ఆ పుస్తకంలో లేదు.

ఈ సంగతి ఇంట్లో చెబితే బాపు కోపం మారింది. వచ్చే ఆదివారం నేనూ వస్తానన్నాడు. ఆయన ఎక్సెల్ మీద, నేను సైకిల్ మీద. గట్టెక్కగానే బండి ఆపి, చెప్పు విడిచి, గట్టు మీద మడమతో గట్టిగా తొక్కి చూశాడు. "దిమ్మిస సరిగ్గా పడలేదు ఈడ" అన్నాడు. నాలుగడుగులు పోయి "ఈడ పడ్డది" అన్నాడు. నేను నెలల తరబడి తొక్కిన గట్టును ఆయన మడమతో చదివాడు.

బాపు పదహారో ఏట గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మట్టి పనికి పోయినవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టినవాళ్లు, కాలువలు తవ్వినవాళ్లు. తవ్విన చోట మధ్యలో ఒక మట్టి దిమ్మెను ముట్టకుండా వదిలేవారట, ఎంత లోతు తవ్వారో కొలవడానికి. దాన్ని సాక్షి అనేవాళ్లమని చెప్పాడు. కొలతకు ముందు రాత్రి ఒక మేస్త్రీ సాక్షి తల కోయించేవాడట. దిమ్మె పొట్టిదైతే లోతు తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. "సాక్షినే కోసిండు" అని బాపు నవ్వాడు. ఆ నవ్వులోకి నేను పోలేకపోయాను.

ఆయన ఎక్కువకాలం పనిచేసింది కర్ణాటకలో, నారాయణపూర్ డ్యాము ఎడమ కాలువల మీద. పేరు చూడండి. మాది నారాయణపేట, వాళ్లది నారాయణపూర్. నది అదే కృష్ణ. మాకు నీళ్లు రావడానికి చాలా ఏళ్ల ముందే బాపు వాళ్ల చేతుల మీదుగా అక్కడ పారాయి. మా అక్క పుట్టింది ఆ కాలువ గట్టు మీది గుడిసెలోనే, షాపూర్ దగ్గర. ఆధార్ కార్డులో మాత్రం ఆ సంగతి ఉండదు.

పోయిన దసరా సెలవుల్లో అక్కడికి పోయాను. ముందు చక్రం విప్పి సైకిల్‌ను బస్సులో యాదగిరి దాకా తీసుకుపోయి, అక్కడ బిగించుకుని, భీమానది వంతెన దాటి తొక్కాను. సరిహద్దు దాటడమంటే మాకు ఇంకో అర్థం ఉంది. తెలంగాణలో నేను ఎస్టీ, కర్ణాటకలో నావాళ్లు ఎస్సీ. ఇంకొంచెం పడమరకు తొక్కి మహారాష్ట్ర చేరితే అదీ కాదు, విముక్త జాతి. భాష ఒకటే, తీజ్ ఒకటే, సేవాలాల్ ఒక్కడే. తెలంగాణలో కూడా 1976 చట్టం వచ్చేదాకా మేము ఎస్టీలం కాదు.

బయలుదేరేటప్పుడు యాడి ఒక మాట చెప్పింది. "బ్రిడ్జి పక్కన రెండు వేపచెట్లు, వాటి నడుమ మన గుడిసె. చూసి రా." షాపూర్ బ్రాంచి కాలువ నిండుగా పారుతోంది. కింద కంటికి ఆనినంత మేర వరి. మధ్యలో అక్కడక్కడ క్యాంపులు, తెలుగు బోర్డులు, కోస్తా యాస. నీళ్లు వస్తాయని తెలిసి అటు నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. టీ కొట్టులో ఒక పెద్దాయన ఏ ఊరు బాబూ అని ఆప్యాయంగానే అడిగాడు. మా నాన్న ఈ కాలువ తవ్వాడని చెప్పాను. ఆయన కొంచెంసేపు నన్ను చూసి, టీ డబ్బులు తీసుకోవద్దని కొట్టువాడికి సైగ చేశాడు. ఎందుకో నాకు అది నచ్చలేదు, కానీ తాగేశాను.

ప్రతి బ్రిడ్జి పక్కనా వేపచెట్లున్నాయి. రెండున్న చోటు మూడు దొరికాయి. మూడూ ఫోటోలు తీశాను. తండాకు వచ్చి యాడికి చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. మొదటిది కాదంది, రెండోది కాదంది. మూడోదాన్ని చాలాసేపు చూసి, చెట్లు ఇంత పెద్దవి కావు అంది. అవి పెరిగి ఉంటాయని నేను చెప్పలేదు, ఆమెకు తెలుసు. ఆ ఫోటో అక్కకు పంపమంది. పంపాను.

ఇప్పుడు మా చేను గురించి. నారాయణపేట కొడంగల్ ఎత్తిపోతలకు 2014లో జీవో 69 వచ్చింది, 2024 ఫిబ్రవరిలో కోస్గిలో శంకుస్థాపన జరిగింది. భూత్పూర్ నుంచి నీళ్లు పైకి ఎత్తుతారు, లక్ష ఎకరాల మాట. అంటే మట్టం గీతకు పైనున్న మాకూ నీళ్లు రావచ్చు. మొన్న ఎండాకాలం సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతిపోయారు. అందులో రెండు మా రెండెకరాల్లోనే పడ్డాయి. నీళ్లు వస్తే తండాకు వస్తాయి, మా చేనులో సగం కాలువ కింద పోతుంది. పరిహారం ఎంతో ఇంకా తేలలేదు. తమ్ముడు ఇవ్వొద్దంటాడు. పెద్దమనుషులు ఇద్దామంటారు. నన్ను అడిగితే ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి చెబుతున్నాను.

బాపు ఏమీ చెప్పడు. సాయంత్రాలు పోయి ఆ రాళ్ల దగ్గర కూర్చుంటాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు, "నేను ఎంతమంది చేండ్లల్ల పార ఏసిన్నో. వాళ్లు గట్టు మీద నిలబడి చూస్తుండిరి. నేను తల ఎత్తి చూల్లే."

పోయిన వారం నేను నారాయణపేట నుంచి వచ్చేసరికి నా సైకిల్‌కు క్యారియర్ ఉంది. బాపు మక్తల్ తీసుకుపోయి వెల్డింగు పెట్టించాడు. వెనక చక్రం మీద వంకరగా, నల్ల రంగు పూసి. గుబ్బల టైరుకు ఒకవైపు కొద్దిగా రాసుకుంటోంది. ఏం చెప్పకుండా దాని మీద రొట్టెల మూట కట్టాడు, పక్కన ఐదు లీటర్ల క్యాను. పంచదేవపహాడ్ పంపుహౌసు చూసి వద్దాం పద అని ఎక్సెల్ స్టార్ట్ చేశాడు. నేను వెనకాల తొక్కాను. టైరు ఒక్కో చుట్టుకు ఒకసారి కర్ర్ మంటోంది.