నిలుకడలేని యంత్రము

వేగముగా పోవునప్పుడు చక్కగా నడచి, నెమ్మదిగా నుండుమన్నప్పుడు ఊపిరాడనట్లు కొట్టుకొని ఆగిపోవు యంత్రమును చూచి, చాలమంది అది ముసలిదైనదని తీర్పు చెప్పుదురు. పాత పెట్రోలు యంత్రముల విషయమున ఈ తీర్పు తొందరపాటని మా అభిప్రాయము. సిలిండరు అరిగినచో ఆ బలహీనత బరువు లాగునప్పుడును బయటపడును. నెమ్మదిలో మాత్రమే కనబడు లోపమునకు కారణము వేఱొకచోట వెదకవలెను.

భీమడోలునకు దక్షిణమున, కొల్లేటి లంకల వైపు పడవ నడుపుకొని బ్రదుకు నొక కుటుంబము మాకు పరిచితము. వారిది రెండు సిలిండర్ల పాత పెట్రోలు యంత్రము. రేవు సమీపించినప్పుడు వేగము తగ్గింపక తప్పదు గదా. సరిగా ఆ క్షణముననే అది ఆగిపోవుచుండెను. ఆగినంతనే గాలి పడవను గుఱ్ఱపుడెక్కలోనికి నెట్టును. చీకటివేళ, పిల్లలతో నిండిన పడవను గడకఱ్ఱతో బయటికి తెచ్చుట ఎంత ప్రయాసమో కొల్లేటివారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు. మెకానిక్కొకడు చూచి, బోరు చేయించి పిస్టన్లు మార్చవలెననెను. అంతవఱకు పని గడచుటకై స్లో స్క్రూ బిగించి వేగము పెంచెను. యంత్రము ఆగుట తగ్గినది గాని, గేరు వేసినంతనే పడవ ముందునకు దుముకుచు, రేవున నిలువకుండెను. బోరు ఖర్చునకై ఇల్లాలి గొలుసు తాకట్టు పెట్టుటకు నిశ్చయమైనది. ఇంటికి వచ్చు ప్రతి నష్టమునకును మొదట స్త్రీ మెడవైపే చూచు అలవాటు మనలో నింకను పోలేదు.

ఇక యంత్రము సంగతి. పిస్టను దిగునప్పుడు గాలిని పీల్చును. నెమ్మదిగా నడచునప్పుడు కార్బురేటరులోని థ్రాటిలు రేకు దాదాపు మూసికొని యుండుటచే, దాని కవతలి గొట్టములో వాయుపీడనము మిక్కిలి తగ్గును. సముద్రమట్టమున బయటి పీడనము 76 సెంటీమీటర్ల పాదరసమునకు సమానము. ఆరోగ్యముగానున్న నాలుగు సిలిండర్ల పెట్రోలు యంత్రమున, నెమ్మదిలో, లోపలి పీడనము అంతకంటె సుమారు 45 నుండి 55 సెంటీమీటర్లు తక్కువగా నుండును. ఇంత ఆకర్షణ యున్నచోట వెండ్రుకంత సందు చాలును, లెక్కకు రాని గాలి లోనికి జొరబడుటకు. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ళు గాలి కావలెను. గాలి హెచ్చినచో మంట తప్పిపోవును. థ్రాటిలు తెఱచినప్పుడు గాలి పుష్కలముగా పోవును గావున, దొంగగాలి దానిలో కలిసి గుర్తు తెలియకుండ పోవును. స్లో స్క్రూ బిగించుట వలన జరిగినదియు నదియే: లోపము పోలేదు, కప్పబడినది.

చోకు సగము మూసి చూచితిమి, యంత్రము కుదుటపడినది. అనగా గాలి ఎక్కువైనను కావలెను, పెట్రోలు తక్కువైనను కావలెను. సన్నని జెట్టులో మట్టి యున్నను ఇదే లక్షణము కనబడును. ఈ రెంటిని విడదీయుటకు మేము ఆలోచించుచుండగా ఇల్లాలు, “దానిమీద నీళ్ళు చిందినప్పుడు కాస్సేపు బాగానే ఆడుద్ది మాష్టారూ. ఈయనకి చెబితే వినరండి,” అనెను. మెకానిక్కునకును ఆమె చెప్పినదట, అతడు నవ్వెనట.

తర్కసంగ్రహము చదివినవారికి అన్వయవ్యతిరేకములు తెలియును: ఇది యున్నచో అది యుండుట, ఇది లేనిచో అది లేకుండుట. ఆమె చెప్పినదానికి శాస్త్రమున పేరు అదియే. సూదిలేని సిరంజితో నీటిని ఒక్కొక్క అతుకుమీద చుక్కలుగా వేసితిమి. ప్లగ్గు తీగెకును, కాగిన సిలిండరునకును తగులనీయలేదు. కొందఱు ఇందుకు పెట్రోలు చల్లుదురు. పడవలో అది ప్రాణాపాయము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు గావున పడవ అడుగున నిలిచి, ఒక్క నిప్పురవ్వకై కాచుకొని యుండును. కార్బురేటరు అడుగున ఎడమవైపు నీరు పడినంతనే యంత్రపు ధ్వని మాఱినది. ఆరినంతనే మరల పాత రొప్పు. మూడుమార్లు వేసితిమి, మూడుమార్లును అట్లే. (డీజిలు యంత్రము వాడువారు ఈ పరీక్షతో శ్రమపడ నక్కఱలేదు, సాధారణముగా దానికి థ్రాటిలు రేకు లేదు. ‘ఎయిరు పట్టినది’ అని వారనునది నూనెగొట్టములో చేరిన గాలి.)

విప్పి చూడగా ప్యాకింగు ఒక మూల చిట్లియున్నది. ఏలూరున కొన్న షీటునుండి ఇల్లాలే కత్తెరతో క్రొత్తది కత్తిరించెను. కార్బురేటరు అంచును అద్దముమీద పెట్టి, వంకర లేదని చూచి, రెండు నట్లను ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగించితిమి. బలమంతయు చూపి బిగించినచో అంచు వంగి క్రొత్త సందు పుట్టును. అటుపిమ్మట స్లో స్క్రూను మూడు చుట్లు వెనుకకు త్రిప్పవలసి వచ్చినది.

గొలుసు తాకట్టునకు పోలేదు. పెట్రోలు గొట్టపు రబ్బరు మాత్రము వంచినచోట బీటలు చూపుచున్నది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్ళకు చేరినది. పాతకాలపు రబ్బరునకు అది పడదు. తొలకరికి ముందే దానిని మార్చవలెనని ఈమాఱు ఇల్లాలితోనే చెప్పియున్నాము.