పునీతుల నేలపై తపస్సు కాలము

సన్నీవేల్, కాలిఫోర్నియా,
విభూది బుధవారము

పూజ్యులైన నాన్నగారికి,

ఈ సాయంకాలము ఇచ్చటి పునీత సిప్రియాను దేవాలయమున విభూది పెట్టించుకొంటిని. మెడలోని ఆఫీసు కార్డులైనను తీయక పరుగున వచ్చినవారు, పసిబిడ్డలనెత్తుకొన్న తల్లులు, ఫిలిప్పీన్సువారు, మెక్సికోవారు, మనవారు ఒకే వరుసలో నిలిచి, గురువుగారి బొటనవ్రేలు నుదుట బూడిదతో సిలువ గీయగా తలవంచి మరలిపోవుచుండిరి. మట్టియే మనకు మొదలనియు తుదియనియు ఒప్పుకొనుటకు పదవియు జీతమును అడ్డురాని ఆ ఘడియ నాకు మిక్కిలి ప్రియమయ్యెను.

సిప్రియాను కార్తేజు పీఠాధిపతి. మూడవ శతాబ్దమున ఉత్తరాఫ్రికాలో మహామారి వ్యాపించి, అయినవారే రోగులను వీథులపాలుచేసి పారిపోవుచున్నప్పుడు, తమ్ము హింసించినవారికిని పరిచర్య చేయుడని క్రైస్తవులను పురికొల్పి, 258లో విశ్వాసము నిమిత్తము శిరచ్ఛేదము నొందిన మహనీయుడు. దానధర్మములను గూర్చి ఆయన ఒక గ్రంథమే రచించెను. ఉపవాస ప్రార్థనల సరసన దానమును మన గురువులు ఏల నిలుపుదురో ఆ జీవితమే తెలుపుచున్నది: మనము మానిన ముద్ద మరియొకరి కంచము చేరనియెడల, అది పథ్యమే యగును గాని తపస్సు కానేరదు.

శాంటా క్లారా,
శుక్రవారము

నాన్నగారూ,

సన్నీవేలుకు సమీపముననే యున్న శాంటా క్లారా మిషను దేవాలయమును నేడు దర్శించితిని. ఫ్రాన్సిస్కన్ గురువులు పునీత క్లారమ్మ పేర 1777 జనవరి 12న స్థాపించిన ఈ మిషను, వరదకును భూకంపములకును అగ్నికిని లోనై, పలుమారులు పునర్నిర్మితమై, 1928 నాటి రూపమున విశ్వవిద్యాలయ ప్రాంగణములో నిలిచియున్నది. ముంగిట నున్న కొయ్యసిలువలో తొలినాటి సిలువ తునక యొకటి భద్రపరుపబడియున్నది. దానియెదుట చాలసేపు నిలిచితిని.

ఈ నేల ఆదివాసులైన ఓలోనీ జనులది. జ్ఞానస్నానము పొందినవారు అనుమతి లేక మిషనును విడిచిపోరాదను కట్టుబాటును, కొరడా దెబ్బలును, క్రొత్త వ్యాధులును వారిని క్రుంగదీసెను. 1806 నాటి తట్టు ఈ ప్రాంతపు మిషనులలో అనేకుల ప్రాణములు గొనెను. కాలిఫోర్నియా మిషనులకు ఆద్యుడైన హునీపెరో సెర్రాను 2015లో పోపు ఫ్రాన్సిస్ పునీతుడుగా ప్రకటించినప్పుడు, ఆదివాసుల సంతతివారు పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము విశ్వాసమునకు విరోధమని నేను తలపను. తన పాపముతోపాటు తన ఇంటివారి పాపమును కూడ దేవునియెదుట ఒప్పుకొననిచో పశ్చాత్తాపమునకు నిండుదనమెక్కడిది?

అదే ఫ్రాన్సిస్కన్ సభవారి గోధుమవన్నె అంగీని ధరించి, భిక్షమెత్తి బీదలకు పెట్టుచు, 1945 జనవరి 15న మన పెద్దావుటపల్లిలో తనువు చాలించిన జోసఫ్ తంబిగారు నాకప్పుడు స్ఫురించిరి. ఈ మిషనులకువలె వారికి సైన్యమును లేదు, శాసనమును లేదు. అయినను వారి సమాధిచెంతకు జనులు నేటికిని తమంత తామే వచ్చుచున్నారు. సువార్త నడువవలసిన త్రోవ అదియేనని నా దృఢవిశ్వాసము.

మీరు సిలువమార్గము చేయునపుడు, ఈ మట్టిలో నిద్రించుచున్న ఓలోనీ మృతులకొరకు ఒక్క స్థలమునందైనను ప్రార్థింపుడు. ఈ కాలమున నేను మిగిల్చిన సొమ్మును మట్టల ఆదివారమునకు ముందే పంపెదను. అమ్మచేత మన వీథిలోని లేనివారికి బియ్యము ఇప్పింపుడు.

మీ పుత్రిక