చేర్చడం సరే, తీసేదెక్కడ?

మూడేళ్ల కిందట గచ్చిబౌలిలో ఒక డెలివరీ సర్వీసుకు సర్వర్ కోడ్ రాసే టీములో ఉండేవాణ్ణి. భాష రూబీ. జపాన్‌కు చెందిన యుకిహిరో మట్సుమోటో 1995లో విడుదల చేసిన ఆ భాషంటే నాకు ప్రాణం. ఇప్పుడూ అంతే.

ఈ క్షణాన ఎన్ని ట్రిప్పులు నడుస్తున్నాయో తెరమీద కనపడాలన్నారు. ట్రిప్ క్లాసులో రెండు యాట్ గుర్తులతో ఒక లిస్టు పెట్టి, ఇనిషియలైజ్‌లో సెల్ఫ్‌ను దానిలోకి తోసేశాను. రెండు లైన్ల పని. మొదట్లో లెక్క చక్కగా వచ్చింది.

సర్వర్ మీదికి వెళ్లాక మెమరీ పెరగడం మొదలైంది. పొద్దున కొంచెం, సాయంత్రానికి ఇంకాస్త, మూడో రోజుకి సర్వర్ పడిపోయేది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. రెండు వారాలు అలాగే నెట్టుకొచ్చాం.

ఒక రాత్రి మా సీనియర్ ఒకావిడ నా పక్కన కూర్చుని కోడ్ చదివి, ఒకే మాట అడిగారు: “లిస్టులో చేర్చావు సరే, తీసేదెక్కడ?”

కన్సోల్ తెరిచి పదివేల ట్రిప్పులు సృష్టించి వదిలేశాం. జీసీ స్టార్ట్ అని కొట్టి మళ్లీ లెక్కపెడితే పదివేలూ అలాగే ఉన్నాయి. లిస్టు తీసేసి అదే పని చేసి, ఆబ్జెక్ట్‌స్పేస్‌తో లెక్కపెట్టాం. ఒకటో రెండో తప్ప ఏవీ మిగల్లేదు. ఎవరూ పట్టుకోని వస్తువునే గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తుంది. అయిపోయిన ప్రతి ట్రిప్పునీ నా లిస్టు పట్టుకునే కూర్చుంది.

అప్పుడు నేనుంటున్న పీజీ హాస్టల్లో ఒక రిజిస్టరు ఉండేది. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేర్లూ అందులోనే ఉండేవి, కానీ వాళ్ల మంచం మర్నాడే ఇంకొకరికి వెళ్లిపోయేది. నా లిస్టులో పేరుతో పాటు మంచమూ ఉండిపోయింది. ఎవరున్నారో తెలుసుకోవడం వేరు, వాళ్లను ఉంచేయడం వేరు. ఆ రెంటినీ ఒకే లైనులో కలిపేశాను.

రోజూ ఆబ్జెక్ట్‌స్పేస్‌తోనే లెక్కపెట్టొచ్చు కదా అనిపించింది. కానీ అది హీప్ మొత్తం తిరిగొస్తుంది, ఇంకా ఊడ్చని వాటినీ కలిపి చెబుతుంది. పరీక్షకు పనికొస్తుంది గానీ సర్వర్‌కు కాదు. చివరికి వీక్‌మ్యాప్ వాడాం. దానిలో వస్తువు కనపడుతుంది గానీ, వస్తువు మీద మ్యాప్‌కు పట్టు ఉండదు. ట్రిప్పు ముగిసిందనే మాట మాత్రం ట్రిప్పే చెప్పాలి కాబట్టి, దాన్ని తీసేసే మెథడ్ కూడా రాశాం.

ఇంకో తప్పు కూడా అప్పుడే దొరికింది. రెండు యాట్ గుర్తుల వేరియబుల్ పిల్ల క్లాసులన్నిటికీ ఉమ్మడి. బైకు ట్రిప్పులూ వ్యాను ట్రిప్పులూ ఒకే కుప్పలో పడుతున్నాయి. క్లాసు మీదే ఒక్క యాట్ గుర్తుతో పెట్టుకుంటే ఎవరి లెక్క వారిది.

మెమరీ గీత ఆ వారం నుంచి చదునుగా నిలిచింది. మీ కోడ్‌లో సెల్ఫ్‌ను ఏ లిస్టులోనైనా వేస్తున్న లైను ఉంటే, దాన్ని తీసే లైను ఎక్కడుందో ఇవాళే వెతకండి.