ఎండయు నెముకయు

స్త్రీల యెముకలనుగూర్చి మన యిండ్లలో నెవరును విచారింపరు. నడుము నొచ్చిన వాతమందుము, మెట్లెక్కలేకున్న వార్ధక్యమందుము. మా యత్తగారి విషయమున రెండేండ్లిట్లే గడచినవి. ఒక వైద్యుడు వాతనొప్పులని మాత్రలిచ్చుచు వచ్చెను. పిదప వేరొక వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, డి విటమిను మిక్కిలి తక్కువగా నున్నదనియు, అందుచే నెముకలు మెత్తబడుచున్నవనియు జెప్పిరి. ఈ విటమిను కథ స్త్రీలు తప్పక యెరుగదగినది. దాని నిగ్గుదేల్చినవారిలో స్త్రీలు పెక్కండ్రు గలరు.

మొదటి మహాయుద్ధానంతరము వియన్నా నగరమున క్షామము ప్రబలెను. పసిబిడ్డల కాళ్లు వంకరపోవు రికెట్సు వ్యాధి విస్తారముగా నుండెను. 1919లో లండనునందలి లిస్టరు పరిశోధనాలయమునుండి హేరియట్ చిక్ అను విదుషీమణి యచటికి బోయి, ఎల్సీ డేల్యెల్, మార్గరెట్ హ్యూమ్, హెలెన్ మెకే మొదలగు స్త్రీలతో గూడి 1922 వరకు శిశువైద్యశాలలో బనిచేసిరి. ఆ వైద్యశాలాధిపతి ఫాన్ పిర్కే దానిని అంటువ్యాధియని తలచువాడు. ఐనను వారి పరిశోధనకు అడ్డు చెప్పలేదు. శీతకాలమున కాడ్ చేప కాలేయపు నూనె త్రాగిన శిశువులకు రికెట్సు రాలేదు. త్రాగనివారిలో పెక్కండ్రకు వచ్చెను. రోగులైన బిడ్డలకు నూనె యిచ్చినను, ఎండ చూపినను, అతినీలలోహిత దీపకాంతి చూపినను, ఎముకలు మరల గట్టిపడుట ఎక్సురే చిత్రములలో గానవచ్చెను. సాంబుడు సూర్యారాధనమున రోగము బాసెనని పురాణములలో జదివిన మాకు, చేప కాలేయమును సూర్యుడును ఒకే పని చేయుట మిక్కిలి వింతగా దోచినది. హేరియట్ చిక్ నూటరెండేండ్లు జీవించి 1977లో గతించిరి.

పిమ్మట దెలిసిన మర్మమిది. ఎండ చర్మమును దాకగా డి విటమిను పుట్టును. అది నేరుగా బనిచేయజాలదు. మొదట కాలేయమును, తరువాత మూత్రపిండమును దానిని మార్చవలెను. అప్పుడది హార్మోనై, ప్రేగులలోని కాల్షియమును రక్తమునకు జేర్చును. అది చాలనిచో కంఠమునందలి పారాథైరాయిడ్ గ్రంథులు ఆ కాల్షియమును ఎముకలనుండి తీయించును. ఇంటి ఖర్చునకు తల్లి తన నగలు కరగించినట్లే యిది. చిరకాలము కాలేయవ్యాధి గలవారి యెముకలు చెడుటకు ఇదియు నొక హేతువు. ఎముకలో కాల్షియముతో గూడియుండు ఫాస్ఫరసును రక్తమున గొలుచు పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో గలిసి ప్రకటించినవారు, మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

మా యత్తగారు ప్రతిదినము అద్దపు కిటికీచెంత గూర్చుండి ఎండ కాచుకొనుచుండిరి. అద్దము వెచ్చదనమును రానిచ్చును గాని, విటమినును బుట్టించు కిరణములను రానీయదు. వెనుకటివారు మిద్దెపై వడియములు పెట్టుచు, మిరపకాయలెండబోయుచు, తెలియకయే యీ లాభమందిరి. నేటి వాటాలలో మిద్దెకు తాళము వేసియుండును.

ఔషధముకడ మరియొక చిక్కు వచ్చినది. చేపనూనె యేమోయని యామె మాత్ర ముట్టనని పట్టుబట్టిరి. డి3 సాధారణముగా గొఱ్ఱెబొచ్చు జిడ్డునుండి చేయబడుననియు, డి2 ఈస్టునుండి లభించుననియు వైద్యురాలు విప్పిచెప్పి, డి2 వ్రాసియిచ్చిరి. ఆమె సమ్మతించిరి. నొప్పి పూర్తిగా బోలేదు. కాని నేడు గోడ పట్టుకొని మిద్దె యెక్కగలుగుచున్నారు.

ఈ మాత్రలు మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు హాని గల్గును. కావున వైద్యుల యనుమతి లేక వాడరాదు.

సోదరీమణులారా! మీ యింటి పెద్దామె నొప్పియనిన, ముందు రక్తపరీక్ష చేయింపుడు. పిదప మిద్దె తాళపుచెవి యడిగి తెండు.