చిన్న ఇంట్లో చోటెక్కడిది?

పిల్లలూ! "మా ఇల్లు ఇరుకు" అని మీలో చాలామంది అంటూ ఉంటారు. ఇరుకంటే ఏమిటి? మనుషులు ఎక్కువై జాగా తక్కువ కావటమా? లేక ఉన్న జాగాను వాడుకోలేకపోవటమా? ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పినవి చింతూరు ప్రాంతపు కోయల ఇళ్ళు.

చింతూరు శబరి నది ఒడ్డున ఉన్నది. దిగువన కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. చుట్టూ అడవి, వెదురు పొదలు, తాటిచెట్లు. నేను ఆ ప్రాంతంలో పాఠాలు చెప్పే రోజుల్లో లెక్కల పాఠం కోసం పిల్లలచేత వాళ్ళ ఇళ్ళనే కొలిపించేవాణ్ణి.

అందులో ఒక ఇంటి లెక్క చెబుతాను. వెలుపలి కొలత 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఉండేది ఏడుగురు. గుంజలు పాతి, వెదురు బద్దలతో తడిక అల్లి, దానికి రెండు వైపులా మట్టీ పేడా కలిపి మెత్తారు. గోడ మందం 4 అంగుళాలు. అంటే లోపలి నేల సుమారు 162 చదరపు అడుగులు. ఇదే ఇంటికి ఒకటిన్నర అడుగు మందం మట్టిగోడలు పెడితే లోపల మిగిలేది 12 అడుగులు, 9 అడుగులు. అంటే 108 చదరపు అడుగులు. తక్కిన 54 చదరపు అడుగులూ గోడలే మింగేస్తాయి! ఒక మనిషి చాపకు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు అనుకోండి. ముగ్గురు పడుకునే చోటు పోయిందన్నమాట.

"మందపు గోడ చల్లగా ఉంటుంది గదా, మాస్టారూ?" అని పెద్దలు అడగవచ్చు. నిజమే. మందపు మట్టిగోడ పగటి వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పలుచని గోడకు ఆ గుణం తక్కువ. అందుచేతనే చూరును బాగా కిందికి దించుతారు. అప్పుడు గోడకు ఎండ తగలదు, వాన మట్టిని కడిగివేయదు. పైగా చూరు కింద పంచ ఒకటి కలిసివస్తుంది. పగలు బుట్టలు అల్లేదీ, రాత్రి మంచం వాల్చేదీ అక్కడే. కొడవలి, విత్తనపు మొక్కజొన్న పొత్తులు, ఎండిన సొరకాయ బుర్రలు అన్నీ చూరుకే వేలాడుతాయి. నేల మీద ఒక్క అంగుళం ఖర్చు కాదు.

ఇక తల పైకెత్తి చూడండి. మనం ఇంటికి పొడవు, వెడల్పు కొలుస్తాం గాని ఎత్తును మరిచిపోతాం. కోయల ఇంట్లో పొయ్యికి పైన వెదురు అటక ఉంటుంది. పొగ తగలటం మూలాన విత్తనాలు పొడిగా ఉంటాయి, పురుగు త్వరగా పట్టదు. అయితే విత్తనానికి మంచిదైన పొగ మన కళ్ళకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కాబట్టి కప్పులో పొగ పోయే దారి ఉండాలి. పొయ్యి మీది అటకపై గడ్డి, కాగితాలు పెట్టనే కూడదు.

మూడో కిటుకు కాలానిది. ఒకే నేల పొద్దున వంటకు, మధ్యాహ్నం గింజలు చెరగటానికి, రాత్రి పడకకు. తెల్లవారగానే చాపలు చుట్టి దండెం మీద వేస్తారు. మంచాన్ని గోడకు నిలబెడతారు. జపానువారి పాత పద్ధతి ఇళ్ళలోనూ ఇంతే: రాత్రి పరుపులు పగలు అలమరలోకి పోతాయి, పడకగదే కూర్చునే గది అవుతుంది.

ఇంత పొదుపుగా వాడుకున్నా ఆ ఇంట్లో ఒక లోటు కనిపించింది. నా దగ్గర చదివే పిల్లవాడికి పుస్తకం పెట్టుకునే చోటు లేదు. దీపం వెలిగేవేళకు నేలంతా మనుషులే. సంగతి విని వాళ్ళ నాన్న చీల్చిన వెదురుతో రెండడుగుల పలక అల్లాడు. దాని ఒక అంచును గుంజకు తాడుతో బిగించాడు. రెండో అంచును పైనుంచి తాళ్ళతో వేలాడదీశాడు. దించితే బల్ల, ఎత్తి కడితే గోడ! ఒక్క పూట పని. ఆ యేడు పిల్లవాడు పరీక్షకు చదివింది ఆ బల్లమీదనే.

ఈ సంగతులు ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఆ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు కొత్త ఇళ్ళకు మారవలసి ఉన్నది. పోలవరం జలాశయం మునకలోకి వచ్చే ఊళ్ళు చింతూరు మండలంలోనూ ఉన్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కు ఎగదన్నింది. మోకాటిలోతు నీళ్ళకు అటక మీది గింజలు దక్కుతాయి. కప్పు మునిగే వరదకు అటకా చాలదు. ఊరు మారక తప్పనివారికి సిమెంటు ఇల్లు రావచ్చు. అది గట్టిదే. కాని అటక, పంచ, దండెం లేని ఇల్లు ఎంత కొత్తదైనా నెలలోపలే ఇరుకవుతుంది.

ఇవి కట్టేటప్పుడే తలచుకుంటే ఖర్చు కొద్ది. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) కూర్చునే అరుగులు, అరలు గోడతోపాటే కట్టించేవాడు. విడిగా కొనే సామాను తగ్గుతుంది, నడిచే చోటు మిగులుతుంది. కొత్త ఇంటికి గీత గీసే ఇంజనీరుగారు, ఆ ఇంట్లో ఉండబోయే అమ్మను ఒక్కసారి అడిగితే చాలు. గింజలు ఎక్కడ, పడక ఎక్కడ, చదువు ఎక్కడ అన్నది ఆమె చెబుతుంది.

మీరూ ఒక పని చెయ్యండి. రేపు సెలవు గదా అని ఊరుకోక టేపు తీసుకుని మీ ఇల్లు కొలవండి. గోడలెంత తిన్నాయి? మీ తలకు పైన ఎంత చోటు ఖాళీగా ఉంది? రోజులో ఒక్క పనికే పనికివచ్చి, తక్కిన వేళంతా ఊరకే ఉండే మూల ఏది? ఆ మూలను అమ్మకు చూపించండి. బహుశా మీ బల్లకు చోటు అక్కడే దొరుకుతుంది.