ఎర్ర తలపాగా వీరుడు

వీరుడు అనగానే మన మనస్సులో ఒక రూపం మెదులుతుంది. ఉక్కు కండరాలు, విశాలమైన వక్షఃస్థలం, భుజాల వెనుక రెపరెపలాడే వస్త్రం. బొమ్మల కథలు ఎన్నో దేశాల బాలబాలికల ముందు ఈ రూపాన్నే నిలిపాయి. అయితే మన దేశంలో తరతరాల పిల్లలు మెచ్చుకున్న ఒక వీరుడికి ఇవేవీ లేవు. ఎర్రని తలపాగా, గుబురైన తెల్లని మీసాలు, చేతికర్ర, బక్కపలుచని వృద్ధదేహం - ఇంతే ఆయన సంపద. ఆయనే చాచా చౌదరి. 'చాచా' అంటే హిందీలో బాబాయి.

ఈ బాబాయిని సృష్టించిన చిత్రకారుడు ప్రాణ్ కుమార్ శర్మ. నేడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో ఆయన 1938లో జన్మించారు. దేశవిభజన ఆ కుటుంబాన్ని స్వస్థలానికి దూరం చేసింది. ప్రాణ్ 1960లో ఢిల్లీలోని 'మిలాప్' పత్రికలో 'దాబూ' అనే బొమ్మల కథతో వృత్తి జీవితాన్ని ప్రారంభించారు. అప్పటి మన పత్రికలలో ఫాంటమ్, మాండ్రేక్ వంటి విదేశీ వీరులదే పైచేయి. మన వీధి అరుగు మీద కూర్చునే పెద్దమనిషి కథానాయకుడు ఎందుకు కాకూడదు? ఈ ప్రశ్నకు సమాధానంగానా అన్నట్లు 1970 ప్రాంతంలో 'లోట్‌పోట్' అనే హిందీ పత్రికలో చాచా చౌదరి అవతరించాడు.

ఆయన మెదడు కంప్యూటర్ కన్నా వేగంగా పనిచేస్తుందని ప్రతీతి. కంప్యూటర్‌ను కంటితో చూసినవారే అరుదైన రోజులలో పుట్టిన పోలిక అది! బలం అవసరమైన చోట ఆయనకు తోడు సాబూ. గురుగ్రహం నుండి వచ్చిన ఆ మహాకాయుడికి కోపం వస్తే ఎక్కడో ఒక అగ్నిపర్వతం బద్దలవుతుంది. అంతటివాడు కూడా బాబాయి మాట జవదాటడు. బలం బుద్ధికి లోబడి ఉండాలన్న నీతిని ఉపన్యాసం లేకుండా బోధించిన జంట ఇది.

ప్రాణ్ 2014లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది. 2002లోనే రఘువీర్ యాదవ్ నటించిన ధారావాహికగా బుల్లితెరకెక్కిన చాచా, 2019లో యానిమేషన్ రూపంలో మళ్ళీ వచ్చాడు. ఏ యంత్రాన్ని మించినవాడని పేరు పొందాడో, ఆ యంత్రమే ఆయనకు నడక నేర్పింది.

ఈ మార్పులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. చదవడం రాని పసివాడికి సైతం బాబాయి ఇప్పుడు చేరువయ్యాడు. పుస్తకంలో మాత్రం ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ ఉన్న ఖాళీని పాఠకుడే పూరించుకునేవాడు. అగ్నిపర్వతం ఎంత బిగ్గరగా పేలిందో అతడి ఊహకే తెలుసు. దొంగ ఎలా దొరికాడో అర్థం కాకపోతే పుట వెనక్కి తిప్పి, బాబాయి కంటికి ఆనిన ఆధారాన్ని తానూ వెదికేవాడు. సాగిపోయే తెర అంత తీరిక ఇవ్వదు.

కాలం మారినప్పుడు కథ వాహనం మార్చుకోక తప్పదు. తెర మీద తలపాగా రంగు నిలిచింది, అది సులభమే. చూసే పిల్లవాడు ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ నేనైతే ఏమి చేసేవాణ్ణి?" అని ఆలోచించాలి. అప్పుడే ఆ తలపాగా కింది బుద్ధి కూడా నిలిచినట్లు.