గేమ్ కంట్రోలర్ కొనే ముందు మేం వేసుకున్న లెక్క



నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాల గురించి రాసుకునే చోట ఈ గేమ్ కంట్రోలర్ గోల ఏంటి అనుకోకండి. మేం రాజమండ్రి హాస్టల్లో ఉంటున్న ఎనిమిది మందిమి. కొందరం రంపచోడవరం వైపు, కొందరం చింతూరు వైపు, ఇద్దరం బుట్టాయగూడెం వైపు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇలాంటి వస్తువు కొనాలంటే ఏది మంచిదో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. అందుకే నెల రోజులు చూసి, వాదించుకుని తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాం.

ఆదివారాలు పెళ్లిళ్లలో క్యాటరింగ్‌కి వెళ్లి వడ్డించిన డబ్బుల్లోంచి తలా 200 వేద్దామనుకున్నాం. మాలో ఒకడు అడ్డం తిరిగాడు. "మా నాన్న ఈ రెండొందల కోసం జీడితోటలో ఎండకి ఎండిపోతాడ్రా. మీరు బొమ్మ కొంటారా?" అన్నాడు. ఎవరం మాట్లాడలేకపోయాం. కానీ గేమ్ జోన్‌కి వెళ్తే గంటగంటకీ డబ్బు పోతోంది. పైగా ఒకచోట కౌంటర్ దగ్గరాయన "ఎప్పుడూ చూళ్లేదా? మెల్లగా నొక్కండి, పాడుచేస్తారు" అన్నాడు. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. చివరికి అడ్డం తిరిగినవాడే లెక్క చెప్పాడు: ఎంతమందికి పనికొస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఇవి రెండూ తేలాకే ధర చూడాలి.

ముందు మీరు ఆడే గేమ్ ఏదో చూసుకోండి. మనవాళ్లలో ఎక్కువమంది ఆడేది బీజీఎంఐ. అందులో కంట్రోలర్‌కి అధికారికంగా అనుమతి లేదు. వేరే యాప్‌లతో కలిపితే ఐడీ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. దానికోసమే అయితే డబ్బు దాచుకోండి. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో పనిచేస్తుంది. ఊళ్లో సిగ్నల్ లేనివాళ్లకి జీటీఏ శాన్ ఆండ్రియాస్ లాంటి ఆఫ్‌లైన్ గేమ్‌లు ఉన్నాయి, అందులోనూ పనిచేస్తుంది.

ఇక పెద్ద కంపెనీలవి. సోనీ డ్యూయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ రెండూ ఖరీదైనవే. డ్యూయల్‌సెన్స్‌లో వైబ్రేషన్ చాలా సున్నితంగా తెలుస్తుంది, ట్రిగ్గర్లు గేమ్‌ని బట్టి బిగుసుకుంటాయి. కానీ కంప్యూటర్‌లో ఆ సుఖం కావాలంటే గేమ్ దాన్ని సపోర్ట్ చేయాలి, చాలాసార్లు వైరు కూడా పెట్టాలి. మా పాత ల్యాప్‌టాప్‌లో నడిచే గేమ్‌లకి అవేవీ అక్కర్లేదు. ఎక్స్‌బాక్స్‌ దానికి రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. ఇది పాతకాలం పద్ధతి అని వీడియోల్లో తిడతారు గానీ, మనకి అది మంచిదే. పెన్సిల్ సెల్ వారపు సంతలోనూ దొరుకుతుంది. లోపల బిగించిన బ్యాటరీ పోతే రిపేరు షాపు వెతుక్కోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది డ్రిఫ్ట్. అంటే స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే పక్కకి జరగడం. మామూలు స్టిక్ లోపల చిన్న భాగాలు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతాయి, వాడేకొద్దీ అరుగుతాయి. ఆ ఖరీదైన రెండింటిలోనూ ఈ రకమే. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం ఉంటుంది. కొలిచే దగ్గర రాపిడి ఉండదు కాబట్టి ఆ అరుగుడు ఉండదు. గేమ్‌సర్, ఎయిట్‌బిట్‌డో మోడళ్లు చాలావాటిలో ఇది ఉంది, మన దేశీ బ్రాండ్లలో కూడా కొన్నిటిలో వస్తోంది. ఎనిమిది మంది చేతులు మారే వస్తువుకి రంగుల లైట్ల కంటే ఇదే ముఖ్యం.

వైరా, వైర్‌లెస్సా? మా రూములో ప్లగ్గులు రెండే. ఫోన్లకే కొట్లాట. అందుకని వైరుదే ఖాయం చేశాం. ఛార్జింగ్ బాధ లేదు, ధర తక్కువ, దారిలో ఎక్కడా పోగొట్టుకోం. ఓటీజీ కనెక్టర్ ఉంటే చాలా ఫోన్లకీ పెట్టొచ్చు, కాకపోతే ఫోన్ బ్యాటరీ కొంచెం తింటుంది. అట్టపెట్టె మీద ఎక్స్-ఇన్‌పుట్ అని ఉందో లేదో చూడండి. విండోస్ గేమ్‌లు ఎక్కువగా గుర్తుపట్టేది దాన్నే.

చివరికి ఆఫర్‌లో 1,600కి హాల్ ఎఫెక్ట్ ఉన్న దేశీ వైర్డ్ కంట్రోలర్ కొన్నాం. వచ్చిన రోజే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఆర్ కలిపి నొక్కి, జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొట్టి, ప్రతి బటనూ, రెండు స్టిక్‌లూ పరీక్షించాం. మీరూ రిటర్న్ గడువు దాటకముందే ఈ పని చేయండి.

ఇప్పుడు వంతుల పుస్తకం రాసేది ఆ అడ్డం తిరిగినవాడే. పరీక్షలొస్తే కంట్రోలర్ వాడి ట్రంకుపెట్టెలోకి పోతుంది, తాళం వాడి మొలతాడుకి. మొన్న జూనియర్ తమ్ముడొకడు వచ్చి "అన్నా, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనాలి, ఏం చూడాలి?" అని అడిగాడు. వాడిని కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేశాం: దేనికి, ఎంతమందికి, ఎన్నాళ్లు? ఈసారి అడగడానికి మనిషి ఉన్నాడు.

మీ హాస్టల్లో ఏది వాడుతున్నారో, ఎన్నాళ్లు వచ్చిందో రాయండి. తర్వాత కొనేవాళ్లకి పనికొస్తుంది.